ఫ్లానల్ బోర్డు మీది పిరమిడ్డు



మీ సంఘంలో సండేస్కూలు ఉంటే ఆ బొమ్మను మీరూ చూచే ఉంటారు. ముందు ఇటుకలు మోసే ఇశ్రాయేలీయులు, పక్కన కొరడా పట్టిన అధికారి, వెనుక ఒక పిరమిడ్డు. విజయవాడలో ఇరవై ఏళ్లుగా మేమిద్దరం ఆ బొమ్మనే ఫ్లానల్ బోర్డు మీద పెట్టి నిర్గమకాండము మొదటి అధ్యాయం చెబుతూ వచ్చాము. "పిరమిడ్లు కట్టింది ఎవరు?" అంటే పిల్లలంతా ఒక్క గొంతుతో "ఇశ్రాయేలీయులు!" అనేవారు. మేము చాక్లెట్లు పంచేవారము.

పరిశుద్ధ దేశ యాత్రలో భాగంగా ఐగుప్తు వెళ్లినప్పుడు ఆ చాక్లెట్లన్నీ గుర్తుకు వచ్చాయి.

గీజాలో మేము తీరికగా చూచింది ఖఫ్రే రాజు పిరమిడ్డు. మూడింటిలో నడిమిది. ఇప్పుడు 136 మీటర్ల ఎత్తు, కట్టిన నాడు 143 మీటర్లకు పైనే. కొన దగ్గర మాత్రం పాత సున్నపురాతి కప్పు మిగిలి, తలకు టోపీ పెట్టినట్టుంటుంది. అయితే రాజు సమాధి అంటే ఆ రాతి కొండ ఒక్కటే కాదు. స్ఫింక్స్ పక్కన దిగువ ఆలయం, అక్కడి నుండి దాదాపు అర కిలోమీటరు రాతి బాట, ఆ బాట చివర, పిరమిడ్డుకు తూర్పున, చనిపోయిన రాజు పేర అర్పణలు పెట్టే ఎగువ ఆలయం. ఎగువది చాలావరకు శిథిలమైంది. దిగువ ఆలయంలోనే మా కాళ్లు ఆగిపోయాయి. 16 ఎర్ర గ్రానైటు స్తంభాలు, వాటి మీద ఒక్క చెక్కడం లేదు. మన వంటగట్ల మీద పరచుకునే గ్రానైటే గాని, ఇది అస్వాను నుండి నైలు మీద దాదాపు 800 కిలోమీటర్లు ప్రయాణం చేసి వచ్చింది. గోడ మూల తిరిగే చోట రెండు రాళ్లు అతికించలేదు, రాయినే మలుపు తిప్పి చెక్కారు.

మాతో వచ్చిన గన్నవరం పిన్నిగారు ఒక స్తంభం మీద చెయ్యి పెట్టి, "ఈ రాళ్లన్నీ మోషే వాళ్లే మోశారా? అడగండి" అన్నారు. కళ్లలో నీళ్లు. అడిగాము. గైడు కాదన్నాడు. విసుగు లేదు, రోజూ వినే ప్రశ్నే కాబోలు.

ఖఫ్రే క్రీ.పూ. 2500 ప్రాంతం వాడు. మోషే కాలాన్ని పండితులు ఏ లెక్కన కట్టినా మధ్యలో వెయ్యేళ్లు ఉంటాయి. 1990లో ఆ పిరమిడ్లకు దక్షిణాన, ఒక గుర్రం కాలు మట్టిగోడకు తగిలి, పనివాళ్ల సమాధులు బయటపడ్డాయి. విరిగి, కట్టు కట్టగా అతుక్కున్న ఎముకలు దొరికాయి. వారికి రొట్టెలు కాల్చిన చోట్లూ దొరికాయి. వాళ్లు ఐగుప్తు వాళ్లే. 2013లో ఎర్ర సముద్ర తీరాన మేరెర్ అనే మేస్త్రీ దినచర్య కాగితాలు దొరికాయి. ఖఫ్రే తండ్రి ఖుఫు పిరమిడ్డుకు, తన మనుషులతో తూరా గని నుండి సున్నపురాయి పడవల మీద తెచ్చినట్టు రోజువారీ లెక్క అందులో ఉంది. బందరు కాలువ మీద ధాన్యం పడవలు నడిచిన రోజులు ఎరిగిన పెద్దలకు ఆ లెక్క వింతగా తోచదు. పని తేలికని కాదు. నడుములు అరిగిన ఎముకలు కూడా అక్కడే ఉన్నాయి.

ఆ రాత్రి కైరో హోటలులో బైబిలు తీశాము. నిర్గమకాండము 1:11లో ఉన్నవి పీతోము, రామెసేసు అనే పట్టణాలు. పని మట్టితో, ఇటుకలతో. అయిదో అధ్యాయంలో గడ్డి గురించిన గొడవ. మనవాళ్లు మట్టిగోడకు గడ్డి వేసి తొక్కుతారే, అదే. పిరమిడ్డు అన్న మాటే లేదు! ఇరవై ఏళ్లు చదివి చెప్పిన అధ్యాయం అది. పూర్వం క్రైస్తవులు కొందరు ఇవి యోసేపు ధాన్యపు కొట్లు అనుకున్నారు. వెనిస్ నగరంలోని సెయింట్ మార్క్ దేవాలయంలో ఆ బొమ్మ ఉంది కూడా. లోపల ధాన్యం పోయడానికి చోటేది? అంతా రాయే. మనకు తోడు ఉన్నారని కొంత ఊరట.

తిరిగి వచ్చాక మా సంఘ పెద్ద ఒకరు, "ఇప్పుడెందుకండీ, పిల్లలు మిగతాదీ నమ్మరు" అన్నారు. ఆ మాటకు రెండు వారాలు వెనుకాడాము. మేము భయపడిందీ అదే. కాని రేపు ఏ స్కూలు పుస్తకంలోనో చదివి మమ్మును అడిగితే?

మూడో ఆదివారం చెప్పేశాము. "ఇన్నాళ్లూ మేము తప్పు చెప్పాము" అన్నాము. ఒక నిమిషం అంతా నిశ్శబ్దం. తరువాత వెనుక వరుసలో ఒకడు లేచి, "మరి చాక్లెట్లు తిరిగి ఇవ్వాలా అంకుల్?" అన్నాడు.

పిరమిడ్డు బొమ్మను పారెయ్యలేదు. కరవు వచ్చి అబ్రాము ఐగుప్తుకు దిగేనాటికే అవి పాతబడిన కట్టడాలు. అందుకని దానిని ఆదికాండము పన్నెండో అధ్యాయం కవరులోకి మార్చాము. నిర్గమకాండము కవరులో ఇప్పుడు ఒక ఇటుక అచ్చు, ఒక గడ్డిమోపు ఉన్నాయి. గడ్డిమోపు పిన్నిగారే కత్తిరించి ఇచ్చారు.