ఈ సందేహం వస్తుందని ముందే తెలుసు!

మీ ప్రాజెక్టు రిపోర్టు మొదటి వాక్యం ఏమిటి? 'నేటి ఆధునిక ప్రపంచంలో...' అనేనా? మా బ్యాచ్‌లో సగం మందిమి అదే రాశాం. సీనియర్ల పెన్‌డ్రైవ్ నుంచి వచ్చిన వాక్యం అది. ఎక్స్‌టర్నల్ పేజీ తిప్పేసి, 'సరే, నువ్వేం చేశావో చెప్పు' అన్నారు. అక్కడ దొరికిపోయాను.

పేపర్ రాయడం నేర్చుకోవాలంటే సి.వి.రామన్, కె.ఎస్.కృష్ణన్ 1928 మార్చి 31న 'నేచర్'లో ప్రచురించిన చిన్న నోట్ చదవండి. (రామన్ చిన్నప్పుడు చదువుకుంది మన విశాఖలోనే.) ఏం ఆశించి ప్రయోగం మొదలుపెట్టారో ముందే చెప్పేశారు. తర్వాత ఎలా చూశారో చెప్పారు. సూర్యకాంతి దారిలో నీలి-ఊదా ఫిల్టరు, పసుపు-ఆకుపచ్చ ఫిల్టరు రెండూ పెడితే ద్రవంలో కాంతి జాడే ఉండదు. రెండోదాన్ని తీసి ద్రవానికీ కంటికీ మధ్య పెడితే జాడ మళ్లీ కనిపిస్తుంది. అంటే లోపల కొంత కాంతి రంగు మారిందన్నమాట. దాదాపు 60 ద్రవాల్లో చూశారు, అన్నింటిలోనూ కనిపించింది.

నాకు బాగా నచ్చింది ఆ తర్వాతి భాగం. 'ఇది మామూలు ఫ్లోరెసెన్సే కదా?' అని చదివేవాళ్లు అడుగుతారని వాళ్లకు తెలుసు. అందుకే కాదనడానికి రెండు కారణాలు అక్కడే ఇచ్చారు: ఈ కాంతి చాలా బలహీనంగా ఉంది, పైగా దానికి ధ్రువణం ఉంది. ఇంటర్వ్యూలో మనం తడబడేది సరిగ్గా ఇలాంటి ప్రశ్న దగ్గరే. 'సెన్సర్ రీడింగ్ మారింది సరే, గది వేడికి మారలేదని ఎలా చెప్తావ్?' రిపోర్టు రాసేటప్పుడే ఆ ప్రశ్న వేసుకుని ఉంటే జవాబు నోట్లోనే ఉండేది.

సమీకరణాల సంగతికొస్తే, భౌతిక శాస్త్రవేత్త డేవిడ్ మెర్మిన్ 1989లో 'ఫిజిక్స్ టుడే'లో చెప్పిన సలహా ఇప్పటికీ పనికొస్తుంది. సమీకరణం కూడా వాక్యంలో భాగమే, కామా, ఫుల్‌స్టాప్‌లతో సహా. పాత సమీకరణాన్ని మళ్లీ ప్రస్తావిస్తే నంబరొక్కటే ఇచ్చి వదిలేయకుండా అదేమిటో మాటల్లో చెప్పాలి.

'మాది తెలుగు మీడియం, ఇంగ్లిష్ రాదు' అంటారా? రామన్ ప్రయోగాన్ని పైన తెలుగులోనే చెప్పుకున్నాం కదా! మీ ప్రాజెక్టునూ ముందు తెలుగులో తమ్ముడికి చెప్పి చూడండి. తర్వాత అబ్‌స్ట్రాక్ట్ తీసి, పక్కవాడి రిపోర్టులో పెట్టినా సరిపోయే ప్రతి వాక్యాన్నీ కొట్టేయండి. నాది అలా కొట్టేస్తే రెండు లైన్లు మిగిలాయి.