గాలానికి సీసమే కావాలా?

చిన్న చేపను వేసి పెద్ద చేపను పట్టడం అంటుంటారు కదా. లూర్ వాడేవాళ్ళు ఆ చిన్న చేపను కూడా వేయరు. చెక్క ముక్కనో, రేకు ముక్కనో నీళ్ళలో చేపలా కదిలేట్టు చేసి పెద్ద చేపను నమ్మిస్తారు. కొంపల్లి పక్కనే జీడిమెట్ల చెరువు ఉంది, మనమంతా ఫాక్స్‌సాగర్ అనేది దాన్నే. కాస్త దూరం పోతే శామీర్‌పేట చెరువు. అందుకేనేమో మా వైపు ఈ సరదా ఉన్న కుర్రాళ్ళు కనిపిస్తుంటారు. వాళ్ళలో కొందరు లూర్లు కొనరు, ఇంట్లోనే చేసుకుంటారు. ఇది చాలా మంచి అలవాటని నా అభిప్రాయం. ఒక్క పని మాత్రం మానేయాలి. అది ఇంట్లో సీసం కరిగించడం.

ముందు మంచి సంగతి చెప్తాను. అమెరికాలో జూలియో బ్యూల్ అనే ఆయన స్పూన్ ఆకారంలో ఉండే లూర్‌కి 1852లో పేటెంట్ తీసుకున్నాడు. ఫిన్లాండ్‌లో లౌరీ రపాలా 1936లో బెండు చెక్కి, చాక్లెట్ రేకు చుట్టి, పాత ఫోటో నెగెటివ్‌లు కరిగించి పైన పూత పూశాడు. ఇప్పుడు రపాలా పేరు ప్రపంచమంతా తెలిసిన బ్రాండ్. మనం కూడా పాత స్టీల్ చెంచా కాడ కోసేసి, రెండు చివర్లా రంధ్రాలు వేసి, ఒకవైపు గాలం ముల్లు, ఇంకోవైపు చిన్న రింగు తగిలిస్తే లూర్ రెడీ. చెంచా వంపు కొంచెం మారిస్తే నీళ్ళలో దాని నడకే మారిపోతుంది. ఇంతకంటే మంచి ఇంజనీరింగ్ ల్యాబ్ ఏముంటుంది?

సమస్య బరువు దగ్గర మొదలవుతుంది. లూర్ దూరంగా పడాలన్నా, లోతుకు దిగాలన్నా బరువు కావాలి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పాత బ్యాటరీ ప్లేట్లో, టైర్లకు బ్యాలెన్సింగ్ కోసం పెట్టే ముక్కలో తెచ్చి గ్యాస్ స్టవ్ మీద పెట్టేస్తారు. అచ్చులో కాస్త తడి ఉంటే చాలు, నీరు ఒక్కసారిగా ఆవిరై కరిగిన సీసం మొహం మీదకి చిమ్ముతుంది. అది కంటికి కనిపించే ప్రమాదం. కనిపించనిది ఇంకోటుంది. పైన తేలే బూడిద, ఆ తర్వాత ఆకురాయితో రాకితే రాలే పొడి వంటింటి గట్టు మీదా, చేతుల మీదా చేరతాయి. ఇంట్లో చిన్న పిల్లలుంటే అవి వాళ్ళ నోట్లోకి పోతాయి. మింగిన సీసాన్ని పెద్దవాళ్ళ కంటే పిల్లల ఒళ్ళు 4, 5 రెట్లు ఎక్కువ పీల్చుకుంటుందనీ, ఇంతవరకైతే ఫర్వాలేదు అనే మోతాదే లేదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దేశం పెట్రోల్‌లో సీసాన్ని 2000లో మానేసింది. ఇంటి రంగుల్లో 90 పీపీఎం దాటకూడదని 2016లో రూల్స్ తెచ్చింది. బయటికి పంపిన దాన్ని మనమే మళ్ళీ వంటింట్లోకి తెచ్చుకుంటున్నాం.

"సీసం లేకపోతే లూర్ దిగదు బ్రో" అనేవాళ్ళ కోసం చిన్న లెక్క. ఘన సెంటీమీటర్ సీసం 11.34 గ్రాములు, స్టీల్ సుమారు 7.8. అంటే 10 గ్రాముల గుండు సీసంతో చేస్తే వ్యాసం సుమారు 12 మిల్లీమీటర్లు, స్టీల్‌తో చేస్తే 13.5. ఈ ఒకటిన్నర మిల్లీమీటర్ తేడా కోసమా ఇదంతా? హార్డ్‌వేర్ షాపులో నాలుగు స్టీల్ నట్లు కొని తీగకి గుచ్చితే బరువు వచ్చేస్తుంది. కోడింగ్ భాషలో చెప్పాలంటే సీసం ఒక పాత లైబ్రరీ. అందరూ ఇంపోర్ట్ చేస్తున్నారని మనమూ చేస్తున్నాం, నిజంగా అవసరమా అని ఎవరూ చూడట్లేదు.

చెరువు సంగతి కూడా చూడాలి. పక్షులు తిన్నది నలగడానికి చిన్న రాళ్ళు మింగుతాయి. అవి కందనకాయలో ఉంటాయి. రాయి అనుకుని సీసపు గుండు మింగితే అది అక్కడే అరుగుతూ రక్తంలోకి ఎక్కుతుంది. బ్రిటన్‌లో ఇలా హంసలు చనిపోతున్నాయనే 1987లో గాలాలకు వాడే చిన్న సీసపు గుండ్లను చాలావరకు నిషేధించారు.

"మరి జాలర్ల వలలకి సీసం ఉండదా?" అని అడగొచ్చు. ఉంటుంది. కానీ వల వాళ్ళ బతుకుతెరువు, విసిరిన ప్రతిసారీ ఒడ్డుకి లాక్కుంటారు. మన లూర్ గుర్రపుడెక్కలో చిక్కి దారం తెగితే ఇక అక్కడే ఉండిపోతుంది. పైగా చెరువులో చేపల మీద హక్కు సాధారణంగా మత్స్య సహకార సంఘానిది. వాళ్ళని అడిగి గాలం వేసే మనం, వాళ్ళ చెరువులో విషం వదిలి రావడం ఏం న్యాయం?

మన ఫస్టియర్ వర్క్‌షాప్‌లో ఆకురాళ్ళు, డ్రిల్లింగ్ మెషిన్, రేకు కోసే కత్తెరలు అన్నీ ఉన్నాయి. ఏటా అదే రేకు ట్రే చేసి మార్కులు తెచ్చుకుని మూలన పడేస్తాం. దాని బదులు ఒక్క సెమిస్టర్ సీసం లేని లూర్ చేయమనండి. బరువు ఎంత, ఎంత లోతుకి దిగింది, ఎలా ఊగింది అని బకెట్‌లో వేసి కొలిచి రికార్డ్ రాయమనండి. మార్కుల సంగతి ఎలా ఉన్నా, ఆ రికార్డ్ మాత్రం ఎవరూ సీనియర్ దగ్గర కాపీ కొట్టలేరు.