అద్దె యంత్రములు - మన విద్యార్థులు

ఓరుగల్లులోని విద్యార్థులు మమ్ము తఱచుగా ఒక ప్రశ్న అడుగుచున్నారు. కృత్రిమ మేధ నేర్వవలెనన్నచో జీపీయూ గల యంత్రము కావలెను. దానిలో పెద్ద రకమును కొనుటకు లక్షలు కావలెను. కొనలేనివాని గతి యేమి? గతి కలదు. ఆ యంత్రమును గంటల లెక్కన అద్దెకు తీసికొనవచ్చును. ఒక్కొక్కరు కొనలేని గ్రంథములను పలువురు చదువుకొనుటకే గదా 1904లో హనుమకొండయందు రాజరాజనరేంద్రాంధ్ర భాషా నిలయము వెలసినది! అయితే తిరిగి యీయ మఱచిన పుస్తకము స్వల్పపు జరిమానాతో పోవును. ఆప మఱచిన యంత్రము అట్లు పోదు.

తెరపై బొమ్మలు నొక్కుటకు అలవాటుపడిన యువకులు టెర్మినల్ అను నల్లని తెరను చూచి జంకుచున్నారు. ఆజ్ఞను అక్షరములలో వ్రాసి పంపుటకంటె ఇందు మఱేమియు లేదు. వ్రాసిన ఆజ్ఞలను ఒక ఫైలులో భద్రపఱచుకొన్నవాడు రేపు అదే పనిని మరల చేయగలడు, మిత్రునకు ఈయగలడు. బొమ్మలు నొక్కినవాడు నిన్న తానేమి నొక్కెనో నేడు చెప్పజాలడు. ఈ ఒక్క కారణముచేతనే మేము నల్లని తెర పక్షము వహించుచున్నాము.

మొదట ఖాతా తెఱువవలెను. అమెజాన్ వంటి సంస్థలు క్రొత్త ఖాతాకు జీపీయూ యంత్రములను తఱచుగా వెంటనే ఈయవు. కోటా పెంపునకు ముందుగా కోరవలెను. పిమ్మట ఎస్‌ఎస్‌హెచ్ తాళపుచెవుల జతను చేసికొనవలెను. ఒకటి సర్వరునందుండును, రెండవది మీ వద్దనే యుండవలెను, ఎవ్వరికిని ఈయరాదు. ఖాతా రహస్యపు కీని గిట్‌హబ్‌వంటి బహిరంగ స్థలమున వదలినవారి పేర పరులు యంత్రములు నడపి బిల్లు మోపిన ఉదంతములు కలవు.

యంత్రపు పరిమాణమును లెక్కకట్టియే కోరవలెను. 700 కోట్ల పరామితులు గల భాషా నమూనా, ఒక్కొక్కటి రెండు బైట్ల చొప్పున, 14 జీబీ స్థలమును ఆక్రమించును. 16 జీబీల టీ4 కార్డులో అది కష్టముమీద ఇముడును. నాలుగు బిట్లకు కుదించినచో మూడున్నర జీబీలు చాలును. ఇంతటి పనికి 80 జీబీల యంత్రమును కోరుట, ఉడుతను పట్టుటకు ఏనుగు నెక్కుటవంటిది. లోనికి ప్రవేశించినంతనే ఎన్‌వీడియా-ఎస్‌ఎమ్‌ఐ అను ఆజ్ఞతో కార్డు కనబడుచున్నదో లేదో చూడవలెను. టీమక్స్‌లో పని ప్రారంభించినచో, మన యింట కరెంటు పోయినను అచ్చట పని సాగుచుండును.

ఇక ఆపుట. మన చెఱువుల క్రింద తూము తెఱచు నీరటికాడు మడి పారిన పిదప దానిని మూయును. మూయకున్నచో చెఱువు ఖాళీయగును. మాకు తెలిసిన ఒక విద్యార్థి యంత్రమును నడచుచుండగనే విడిచి సంక్రాంతికి స్వగ్రామము వెళ్లెను. వచ్చి బిల్లు చూచి రెండు దినములు అన్నము ముట్టలేదు. కేంద్ర ప్రభుత్వము 2025లో ప్రకటించిన రాయితీ ధర గంటకు 65 రూపాయలు. ఆ లెక్కన ఇరువది గంటల పనికి 1,300 రూపాయలు. నెల దినములు మఱచినచో 46,800. బడ్జెట్ హెచ్చరిక పెట్టుకొనుడు, కాని అది జాబు వ్రాయునేగాని యంత్రమును దానంతట ఆపదు. ఆపుట వేఱు, రద్దుచేయుట వేఱు: అమెజానునందు ఆపిన యంత్రమునకు అద్దె నిలుచును, డిస్కు అద్దె నిలువదు. ఆపినను పూర్తి అద్దె వసూలు చేయు సంస్థలును కలవు. ఫలితములను ఇంటికి దింపుకొని రద్దుచేయుటయే క్షేమము.

ఈ యంత్రములు మనవి కావు. 2022లో హైదరాబాదున వెలసిన క్లౌడ్ కేంద్రము అమెజానుది. ఎన్‌వీడియా చిప్పులు అమెరికాలో రూపొంది ప్రధానముగా తైవానులో తయారగుచున్నవి. ఇది మనకు గౌరవము కాదు. అయినను మగ్గము స్వంతమగు వరకు నేత నేర్వరాదనుట వివేకము కాదు. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గము 10,371.92 కోట్ల రూపాయలతో ఇండియా ఏఐ మిషన్‌ను ఆమోదించినది. 2025 నాటికి 38,000కు పైగా జీపీయూలు సమకూడినవని ప్రభుత్వము చెప్పినది. ఇందులో ఓరుగల్లు వాటా ఎంత?

పలు సంస్థలు క్రెడిట్ కార్డు లేనిదే ఖాతా తెఱువవు. రైతుబిడ్డ చేత ఆ కార్డెక్కడిది? కావున 1959లో నెలకొన్న మన ఇంజనీరింగు విద్యాలయమును, 1976నాటి కాకతీయ విశ్వవిద్యాలయమును, వాటికంటె ముఖ్యముగా చిన్న కళాశాలలును, సంస్థపేర ఖాతా తెఱచి, విద్యార్థి కిన్ని గంటలని పరిమితి విధించి, తూము అధ్యాపకుని చేత నుంచవలెనని మేము కోరుచున్నాము. నలువదిమందికి ఇరువదేసి గంటలు. రాయితీ ధరకు 52,000 రూపాయలు. ఒక కళాశాల వార్షికోత్సవపు పందిరి, దీపాలంకరణల ఖర్చు ఇంతకు తక్కువయుండునని మేము తలంపము.