గ్యాసుకు వేల కోట్లు, విడిభాగాలకు మొండిచెయ్యి

హైడ్రోజన్‌తో నడిచే 10 లక్షల వాహనాలను 2020 నాటికి రోడ్డెక్కిస్తామని 2006 నాటి జాతీయ హైడ్రోజన్‌ ప్రణాళిక దేశానికి మాటిచ్చింది. గడువు దాటిన అయిదేళ్లకు, 2025 మార్చిలో కేంద్రం ప్రకటించిన ప్రయోగాత్మక ప్రాజెక్టుల్లో ఉన్న బస్సులు, లారీలు అక్షరాలా 37. వాటిలో హైడ్రోజన్‌ నుంచి కరెంటు పుట్టించే ఫ్యూయల్‌ సెల్‌తో నడిచేవి 15. తక్కినవి హైడ్రోజన్‌ను ఇంజిన్‌లో మండించేవి. ఖరీదెక్కువని సాకు చెబుతున్న పాలకులు ఆ ఖరీదు తగ్గించడానికి ఏం చేశారు?

ఫ్యూయల్‌ సెల్‌ ధర ఎక్కడ పెరుగుతుందో దాచిన రహస్యం కాదు. ప్లాటినం పూత, ప్రోటాన్లను మాత్రమే దాటనిచ్చే పల్చని పొర, కార్బన్‌ కాగితం, గ్యాసు పారేందుకు సన్నని గాడులు తీర్చిన పలకలు: ఖర్చులో పెద్ద భాగం వీటిదే. టయోటా మిరాయ్‌ రెండో తరం కారులో అలాంటి సెల్స్‌ 330 ఉంటాయి. ప్లాటినం తగ్గించడం శాస్త్రవేత్తల పని. వందల పలకలను వెంట్రుకవాసి తేడా రాకుండా అచ్చుగుద్ది, పూత వేసి, పేర్చడం కార్ఖానాల పని. కిలోవాట్‌కు 30 డాలర్లని అమెరికా ఇంధన శాఖ పెట్టుకున్న లక్ష్యమూ ఏటా లక్షల్లో తయారైతేనే అందేది.

ఆ పనితనం తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా రుద్రారం చుట్టుపక్కల పుష్కలంగా ఉంది. రుద్రారంలో తోషిబా ట్రాన్స్‌ఫార్మర్లు తయారవుతున్నాయి. రామచంద్రాపురంలో బీహెచ్‌ఈఎల్‌, జహీరాబాద్‌లో మహీంద్రా ట్రాక్టర్లు, కందిలో ఐఐటీ, రుద్రారంలోనే గీతం ప్రాంగణం. విలువైన లోహ ఉత్ప్రేరకాలతో పనిచేయడం పటాన్‌చెరు మందుల పరిశ్రమకు కొత్త కాదు. వీటన్నిటినీ ఒక్క పనికి కూర్చే సంకల్పమే కరవైంది.

డబ్బు లేక కాదు. 2023 జనవరిలో ఆమోదించిన జాతీయ గ్రీన్‌ హైడ్రోజన్‌ మిషన్‌కు రూ.19,744 కోట్లు కేటాయించారు. అందులో రూ.17,490 కోట్లు నీటి నుంచి హైడ్రోజన్‌ తీసే ఎలక్ట్రోలైజర్ల తయారీకి, గ్యాసు ఉత్పత్తికి ప్రోత్సాహకాలు. పరిశోధనకు దక్కింది రూ.400 కోట్లు, అంటే నూటికి రెండు రూపాయలు. ఆ భారీ ప్రోత్సాహకాల్లో ఫ్యూయల్‌ సెల్‌ విడిభాగాల తయారీకి చోటే లేదు. 2021 నాటి వాహన రంగ ఉత్పత్తి ఆధారిత ప్రోత్సాహక (పీఎల్‌ఐ) పథకంలో చోటున్నా, విడిభాగాల కంపెనీకి రూ.500 కోట్ల గ్రూపు ఆదాయం ఉండాలన్నారు. రుద్రారం దగ్గరి పాశమైలారం పారిశ్రామికవాడలో డైలు కోసే చిన్న యజమాని ఆ గడప తొక్కగలడా?

రాష్ట్రం తప్పూ తక్కువేం కాదు. ప్రయోగాత్మక ప్రాజెక్టుల పది మార్గాల్లో విశాఖపట్నం–బయ్యవరం ఉంది. తెలంగాణలో ఒక్కటీ లేదు. హైదరాబాద్‌ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐకి ఫ్యూయల్‌ సెల్‌ కేంద్రం ఉన్నది చెన్నైలో. ఇంటి సంస్థ విద్యను ఇంటి కార్ఖానాలకు చేర్చమని ఏ ప్రభుత్వమూ గట్టిగా పట్టుబట్టలేదు.

చిన్న కార్లలో బ్యాటరీ గెలిచింది కదా అనేవారి మాటలో నిజముంది. కానీ రాత్రింబవళ్లు ముంబయి హైవే మీద బరువు మోసే లారీలకు డీజిల్‌ బదులు ఏది? లారీకైనా కారుకైనా కావాల్సింది అవే పలకలు, అవే పొరలు. లారీలకు, బస్సులకు ఆర్డర్లు పెరిగితేనే కారులో వాటి ధర దిగుతుంది.

పటాన్‌చెరు పరిశ్రమల వ్యర్థాలు మోసిన నక్కవాగు విషాన్ని దశాబ్దాలుగా భరించిన ఈ నేలకు శుభ్రమైన పరిశ్రమ బాకీ ఉంది. మిషన్‌ నిధుల్లో విడిభాగాల తయారీకి వాటా కేటాయించాలి. పీఎల్‌ఐలో చిన్న పరిశ్రమలకు ఆదాయ పరిమితి ఎత్తేయాలి. పలకలు, పూతలు పరీక్షించుకునే ఉమ్మడి కేంద్రాన్ని సంగారెడ్డి జిల్లాలో నెలకొల్పాలి. ఆర్టీసీ ద్వారా కొన్నేళ్లపాటు నిలిచే కొనుగోలు హామీ ఇవ్వాలి. ఇవేవీ చేయకుండా మిషన్‌ 2030 లక్ష్యాలు వల్లించడం 2006 నాటి మోసాన్ని మళ్లీ చేయడమే.