పని ఎక్కువైతే కాదనొచ్చా?

మన చిక్కపేట నుంచి నడిచి పోయేంత దూరంలో మెజెస్టిక్ బస్‌స్టాండు. ఒకప్పుడు అక్కడ ఉండింది ధర్మాంబుధి చెరువు. పోయిన చెరువు సంగతి ఇప్పుడెందుకంటారా? సరే, కళ్ళముందున్న వృషభావతినే తీసుకుందాం. బసవనగుడి వైపు పుట్టిన ఏరు, ఊరు దాటేసరికి మురుగు కాలువ. దాని పదేళ్ళ నీటి పరీక్షల లెక్కలన్నీ కావాలని మనలో ఒకరు సమాచార హక్కు అర్జీ పెట్టారనుకోండి. "ఇదంతా వెతికితే మా పనులు ఆగిపోతాయి, కుదరదు" అని ఆఫీసు జవాబివ్వొచ్చా?

ఇవ్వకూడదంటాను. ఇలాంటప్పుడు అడ్డం పెట్టుకునేది 2005 చట్టంలోని 7(9) సెక్షన్‌ని. దాన్ని నిదానంగా చదవండి. అడిగిన రూపంలో ఇవ్వాలంటే సిబ్బందినీ వనరులనీ మితిమీరి మళ్ళించాల్సి వస్తే, ఆ రూపంలో ఇవ్వక్కర్లేదు. అంతే! అసలు ఇవ్వనే అక్కర్లేదని అందులో లేదు. జిరాక్సులు తీయలేకపోతే "వచ్చి ఫైళ్ళు చూసుకోండమ్మా" అనాలి. చూసి రాసుకునే హక్కు చట్టమే ఇచ్చింది. కాదనడానికి కారణాలు 8, 9 సెక్షన్లలో ఉన్నాయి, పనిభారం వాటిలో లేదు. ఇంగ్లండులో 2004 నాటి పర్యావరణ సమాచార నిబంధనల కింద మరీ అసమంజసమైన అర్జీని కాదనొచ్చు. అదైనా ప్రజాప్రయోజనం తూచి చూశాకే.

గుమాస్తా కష్టం కష్టం కాదా అంటే, అవును, కష్టమే. అక్కర ఉన్నా లేకున్నా అడిగే అర్జీలతో ఆఫీసుల పని కుంటుపడకూడదని 2011లో సుప్రీంకోర్టు కూడా అంది. కర్ణాటక నిబంధనల్లో అర్జీకి ఒకే విషయం, మామూలుగా 150 మాటలు మించకూడదు. (మన అసైన్‌మెంట్ల కన్నా నయం!)

కానీ ఈ భారం ఎక్కడిది? రికార్డులు వరసగా సర్ది, సూచికలు రాసి పెట్టుకోమని, చాలా సంగతులు అడక్కముందే ప్రకటించమని 4వ సెక్షన్ ఎప్పుడో చెప్పింది. ఇక్కడి పట్టుచీరల కొట్లో ఏ రంగు ఏ అరలో ఉందో కుర్రాడు చూడకుండా చెప్తాడు. నీళ్ళ లెక్క ఏ బీరువాలో ఉందో ఆఫీసుకే తెలియకపోతే ఆ జరిమానా అడిగినవాళ్ళ మీదా? బెళ్ళందూరు చెరువులో 2015లో, 2017లో, 2018లో మంటలు లేచాయి. నీళ్ళకు నిప్పంటుకునే ఊళ్ళో ఈ లెక్కలు కాలక్షేపానికి అడిగేవి కావు.

అర్జీ రాసేవాళ్ళు చోటు, సంవత్సరం స్పష్టంగా రాయండి. చివర ఈ ముక్క కూడా కలపండి: "నకళ్ళు ఇవ్వడం కష్టమైతే ఫైళ్ళు చూడటానికి తేదీ చెప్పండి."