అడగకుండా గీసిన తోట ఎవరిది?

హైదరాబాద్‌లో ఏ కొత్త కాలనీకి వెళ్లినా అదే కార్పెట్ గడ్డి, అవే పామ్ చెట్లు. తోటలు వేసే పనిలో ఉన్నదాన్ని, చూస్తే బాధేస్తుంది. కాగితం మీద గీత గీయకముందే నేను ఇంట్లో పెద్దావిడ దగ్గర కూర్చుంటాను. పూజకు ఏ పూలు కోస్తారు, సాయంత్రం ఎక్కడ కూర్చుంటారు? కొంపల్లిలో ఒక అమ్మగారు పుట్టింటి పెరట్లో ఉన్న పారిజాతం, నందివర్ధనం, కరివేపాకు కావాలన్నారు. పారిజాతం కింద గడ్డి వెయ్యలేదు. రాలిన పూలు ఏరుకోవాలంటే ఊడ్చిన మట్టినేలే మేలు. కరివేపాకు మీద పిట్టరెట్టలా కనిపించే పురుగుకు మందు కొట్టొద్దన్నాను. అది ముదిరాక ఆకుపచ్చగా మారి, చివరికి నల్లటి సీతాకోకచిలుక అవుతుంది. ఇప్పుడావిడ మనవడికి రోజూ అదే చూపిస్తున్నారు. మిమ్మల్ని ఏమీ అడగకుండా ప్లాన్ తెచ్చేవాళ్లకు మీ పెరడు అప్పగించకండి.