చేతిలో టికెట్, గేటు దగ్గర చుక్కెదురు

సూరత్‌లోని మహీధర్‌పురా హీరా బజారులో లక్షల విలువ చేసే వజ్రాల పొట్లం ఒక చిన్న చీటీ మీద చేతులు మారుతుంది. 'జాంగడ్' అనే ఈ పద్ధతిలో సరుకు ముందు, సొమ్ము తర్వాత. అయితే నమ్మకం చీటీ మీద కాదు, మనిషి మీద. తీసుకునేవాడు ఎవరి తాలూకో, అతనికి పూచీ ఎవరో తెలియకుండా ఒక్క రాయి కూడా కదలదు. చిత్రమేమిటంటే అదే ఊరి కుర్రకారు, అహ్మదాబాద్‌ మ్యాచ్ టికెట్ అనేసరికి మొహమైనా చూడని మనిషికి ఫోన్లోంచి వేలకు వేలు పంపేస్తారు.

ఇందులో దూరం పాత్ర కూడా ఉంది. సూరత్‌లో లాల్‌భాయ్ కాంట్రాక్టర్ స్టేడియం లేకపోలేదు. 2019లో భారత్, దక్షిణాఫ్రికా మహిళల టీ20లు అక్కడే జరిగాయి. కానీ ప్రపంచకప్ ఫైనలైనా, కోల్డ్‌ప్లే కచేరీ అయినా మోతేరాలోని నరేంద్ర మోదీ స్టేడియానికి పోవాల్సిందే. రైలు బెర్తు, లాడ్జి గది దొరికినా, దొరకనిది టికెట్టే. వజ్రాల వీధిలోని గుజరాతీ కుర్రాడికైనా, లింబాయత్‌లో మగ్గాల మధ్య పెరిగిన తెలుగు కుర్రాడికైనా అదే అవస్థ. మోసగాడికి కావలసిందీ ఆ ఆత్రమే.

2023 అక్టోబర్ 14న జరిగిన భారత్-పాకిస్థాన్ మ్యాచ్ ముందు సంగతి చూడండి. అహ్మదాబాద్ క్రైమ్ బ్రాంచి నలుగురిని అరెస్టు చేసింది. అందరూ పాతికేళ్ల లోపు వాళ్లే. ఒక అసలు టికెట్ సంపాదించి, దాన్ని స్కాన్ చేసి, కలర్ ప్రింటర్‌తో దాదాపు 200 నకళ్లు తీశారు. 50 దాకా అమ్మి 3 లక్షల రూపాయలు చేసుకున్నారని పోలీసులు చెప్పారు. పెద్ద ముఠా కాదు, గొప్ప సాంకేతిక పరిజ్ఞానమూ కాదు. జిరాక్స్ షాపు తెలివితేటలు చాలాయి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. టికెట్ మీది కోడ్ ఒక్కసారే పనిచేస్తుంది. ఎవరు ముందు గేటు దాటితే సీటు వారిది. కాబట్టి అమ్మేవాడు వాట్సాప్‌లో పంపే ఫోటో నిజమైన టికెట్‌దే అయినా, అది ఎంతమందికి వెళ్లిందో కొనేవాడికి తెలిసే దారి లేదు. ఫోటో రుజువు కాదు. ఆ మాటకొస్తే, టికెట్ దొరికిందన్న సంబరంలో దాని ఫోటోను ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టేవాళ్లు సొంత సీటునే వీధిలో పెడుతున్నట్టు.

మిగతా వేషాలు పాతవే. 'ఇంట్లో అర్జెంటు పని పడింది, వెళ్లలేకపోతున్నాను' అంటాడొకడు. నమ్మకం కోసం ఆధార్ కార్డు ఫోటో పంపుతాడు, అది మరెవరిదో. ఇంకొకడు సగం అడ్వాన్సు తీసుకుని, ఏదో పొరపాటు జరిగిందంటూ డబ్బు వాపసుకని క్యూఆర్ కోడ్ పంపుతాడు. యూపీఐ పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, అందుకోవడానికి కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం మోసాలు అక్కడే ఆగిపోతాయి.

నవరాత్రి పాసులకూ ఇదే గతి. 2023లో ముంబైలో ఫాల్గుణీ పాఠక్ గర్బా పాసులు చౌకగా ఇప్పిస్తామని 150 మందికి పైగా యువకులను ముంచారు. 2024లో కోల్డ్‌ప్లే, దిల్జిత్ దోసాంజ్ టికెట్ల వ్యవహారంలో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ ఐదు నగరాల్లో సోదాలు చేస్తే, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్, టెలిగ్రాంల ద్వారా నకిలీ టికెట్లు అమ్మిన తీరు బయటపడింది.

తప్పంతా కొనేవాడిదేనంటే అన్యాయం. ఎన్ని సీట్లు జనానికి అమ్ముతున్నారో, ఎన్ని స్పాన్సర్లకూ అతిథులకూ పోతున్నాయో నిర్వాహకులు సాధారణంగా చెప్పరు. 2022 సెప్టెంబర్ 22న హైదరాబాద్ జింఖానా మైదానంలో భారత్-ఆస్ట్రేలియా టికెట్ల కోసం జరిగిన తొక్కిసలాట చూశాక, ఇంట్లో కూర్చుని ఫోన్లో కొనుక్కుందామనుకోవడం తప్పెలా అవుతుంది? నిర్వాహకులు ప్రకటించిన సైటు పేరును వారి ప్రకటనలోంచే చూసి కొనాలి, సెర్చిలో పైన కనబడిన లింకును నొక్కి కాదు. అక్కడ అయిపోతే అయిపోయినట్టే. తెలిసినవాళ్ల దగ్గర కొనాల్సివస్తే స్క్రీన్‌షాట్ కాకుండా, అసలు యాప్‌లోనే బదిలీ వీలుందేమో అడగడం మేలు.

మోసపోయినవాళ్లు చేసే రెండో పొరపాటు, ఇంట్లో తిడతారని నోరు మెదపకపోవడం. పోయిన డబ్బు మోసగాడి ఖాతాలో ఎక్కువసేపు ఉండదు, గంటల్లోనే ఖాతాలు మారుతుంది. 1930కి వెంటనే ఫోన్ చేసి, లావాదేవీ నంబరు చెబితే బ్యాంకులు ఆ సొమ్మును మధ్యలో నిలిపేసే అవకాశం ఉంటుంది. తమ బ్యాంకుకూ అదే పూట చెప్పాలి, చాటింగును చెరిపేయకూడదు. మోతేరా గేటు దగ్గర నిలబడి సంగతి తెలిసినా సరే, సూరత్ రైలు ఎన్నింటికో చూసుకోవడం కంటే ముందు చేయాల్సింది ఆ ఫోనే.